కొట్టుగదిలో పిల్లి ఈనింది, నాలుగు కూనలు. ఇప్పుడు నేనేం చేయాలి?

వేపచెట్టు వీధి | అక్టోబరు 14, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. పెరట్లో పాత కొట్టుగది ఉంది. కొబ్బరి పీచు, గోనె సంచులు, విరిగిన కుర్చీలు అన్నీ అందులోనే పడేస్తాం. నిన్న పొద్దున నీళ్లపొయ్యిలోకి పీచు కోసం చెయ్యి పెడితే వెచ్చగా, మెత్తగా ఏదో తగిలింది. దీపం పెట్టి చూస్తే నాలుగు పిల్లికూనలు. కళ్లు తెరవలేదు. బొడ్డుతాడు ఎండిపోయి నల్లదారంలా ఇంకా పొట్టకు వేలాడుతోంది.

తల్లి మా వీధిలో తిరిగే మూడు రంగుల పిల్లి. ఎవరూ పెంచుకున్నది కాదు, దగ్గరికి వెళితే బుసకొడుతుంది. ఈ రోజు పగలంతా అది నా కంటపడలేదు. కూనలు మధ్యమధ్య ఏడుస్తున్నాయి. ఇంట్లోకి తెచ్చేయనా? మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుంది, ముట్టుకోవద్దని మా అత్తగారు అంటున్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

పాలవెల్లి | రాత్రి 9:34

అయ్యో, వెంటనే అట్టపెట్టెలో పెట్టి లోపలికి తెచ్చుకోండి. ఆవుపాలలో కొంచెం నీళ్లు కలిపి ఇంకు ఫిల్లరుతో పట్టండి. మా చిన్నప్పుడు అలాగే పెంచాం.

తిరుపతి వైద్యవిద్యార్థి | రాత్రి 9:47

అక్కా, దయచేసి తేవద్దు. పాలవెల్లి గారూ, మీ మంచి మనసుకు దండం, కానీ ఆవుపాలు వద్దండి. పిల్లికూనలకు అవి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. వంద గ్రాముల ప్రాణికి ఒక్క పూట విరేచనాలు చాలు, ఒంట్లో నీరంతా పోతుంది.

నేను పశువైద్యం ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. తల్లి కనిపించలేదని జనం ఎత్తుకొచ్చిన కూనలు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావాటికి తల్లి ఉండే ఉంటుంది. తిండి కోసం వెళ్లి ఉంటుంది, లేదా మనం అక్కడే నిలబడి ఉన్నామని గోడ మీద నుంచి చూస్తూ ఉంటుంది. మూడు వారాల లోపు కూన తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. తల్లి నాకితే తప్ప మలమూత్రాలు కూడా వాటంతట అవి రావు. ఆ పని మనం చేయాలంటే మొదటి వారం పగలూ రాత్రీ రెండు మూడు గంటలకోసారి లేవాలి. అంత చేసినా తల్లి పాలతో సమానం కాదు.

ముందు దూరం నుంచే కూనల పొట్టలు చూడండి. గుండ్రంగా ఉండి, ఒకదాని మీద ఒకటి పడుకుని నిద్రపోతుంటే తల్లి వచ్చి వెళుతున్నట్టే. పొట్టలు అంటుకుపోయి, ఆపకుండా ఏడుస్తూ, ముట్టుకుంటే చల్లగా ఉంటే అప్పుడు మనం దిగాలి. ఇంకో పని చేయండి. గుమ్మం దగ్గర బియ్యప్పిండి పలుచగా చల్లి, తలుపు ఓరగా వేసి వచ్చేయండి. తెల్లారేసరికి అదే చెబుతుంది.

వాసన సంగతి: ఒక్కసారి ముట్టుకున్నంత మాత్రాన తల్లి వదిలేయదు. ఊరికే వచ్చి కదిపితే మాత్రం చోటు మార్చేస్తుంది. అత్తగారి మాటలో ఆ మేరకు నిజం ఉంది.

వేపచెట్టు వీధి | అక్టోబరు 15, ఉదయం 6:05

అడుగులు ఉన్నాయి! పిండిలో లోపలికి వెళ్లినవి, బయటికి వచ్చినవి, మళ్లీ లోపలికి వెళ్లినవి. చిన్న చిన్న పువ్వులు అద్దినట్టు. తలుపు సందులో నుంచి చూశాను, పీచులో పడుకుని పాలిస్తోంది. నా వైపే చూసింది కానీ ఈసారి బుసకొట్టలేదు. మా అత్తగారిని పిలిచి చూపించాను.

సంధ్యాదీపం | ఉదయం 7:15

అమ్మా, చాలా సంతోషం. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. చోటు మారిస్తే కంగారుపడవద్దు. శ్రీవైష్ణవంలో మార్జాల కిశోర న్యాయం అని చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుని వేలాడాలి. పిల్లికూన ఏమీ చేయనక్కరలేదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. మెడ వెనుక పట్టుకోగానే కూన కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. మా పుట్టింట్లో అటక మీద నుంచి నిచ్చెన మెట్ల మీదుగా అలా ఒక్కొక్కదాన్నీ దింపడం నేను కళ్లారా చూశాను.

వేపచెట్టు వీధి | ఉదయం 8:30

తల్లికి ఏం పెట్టాలి? మా ఇంట్లో గుడ్డు తప్ప మాంసం వండరు. రాత్రి పాలన్నం పెడితే పాలు నాకి అన్నం వదిలేసింది. ఇంకొకటి, గది వాసన వస్తోంది. పని అమ్మాయి వచ్చాక ఫినాయిల్ వేసి కడిగిద్దామనుకుంటున్నాను.

చార్మినార్ గల్లీ | ఉదయం 8:33

ఫినాయిల్ వద్దు. ముందు పని ఆపించండి, తరువాత చదవండి.

చార్మినార్ గల్లీ | ఉదయం 8:52

ఇప్పుడు వివరంగా రాస్తాను. ఫినాయిల్ లాంటివి పిల్లి ఒంట్లోకి పోతే దాని కాలేయం వాటిని విరిచి బయటికి పంపలేదు. తడి నేల మీద నడిచి, తరువాత పాదాలు నాక్కుంటే చాలు, విషం లోపలికి వెళ్లినట్టే. నీళ్లలో పోయగానే తెల్లగా పాలలా మారే క్రిమిసంహారకాలన్నీ అనుమానించవలసినవే. మురికైన గోనె తీసేసి పొడిది వేయండి. నేలకు వేడినీళ్లు, సబ్బు చాలు, అది కూడా తల్లి తిండికి బయటికి వెళ్లినప్పుడు. కలరా ఉండలు ఆ గదిలో ఉంటే తీసేయండి. పిల్లికి జ్వరమనిపించి మన పారాసెటమాల్ వేసేవాళ్లున్నారు, ఒక్క మాత్ర ప్రాణం తీస్తుంది. కుక్కల మీద చల్లే కొన్ని పేలమందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది, అది కూడా పిల్లికి విషమే.

హైదరాబాద్ పాతబస్తీలో వీధి పిల్లులకు పదకొండేళ్లుగా తిండి పెడుతున్నాను. నా చేతుల్లో పోయిన మొదటి పిల్లి ఇలాగే పోయింది. మా మెట్లు నేనే కడిగాను. అందుకే ముందు అంత గట్టిగా రాశాను, ఏమీ అనుకోవద్దు చెల్లీ.

నీలిసంద్రం | ఉదయం 9:40

తిండి గురించి నేను చెబుతాను. పాలిచ్చే పిల్లికి మామూలుకన్నా రెండు మూడు రెట్లు తిండి కావాలి. పాలన్నం మీద మన ఊళ్లలో పిల్లులు బతికేస్తున్నాయన్నది నిజమే, కానీ అవి పక్కింటి ఎలుకను, తోటలోని తొండను పట్టుకుని లోటు తీర్చుకుంటాయి. కూనలను వదిలి వేటకు వెళ్లే తల్లికి ఆ తీరిక ఉండదు. మీరు మాంసం వండనక్కరలేదు. దుకాణంలో పిల్లికూనల కోసం అమ్మే పొడి మేత తెచ్చి నీళ్లలో నానబెట్టి పెట్టండి. కూనల మేతలో బలం ఎక్కువ, పాలిచ్చే తల్లికి అదే మంచిది. ఉడికించిన గుడ్డు పెట్టండి. కాకినాడలో చేపలకేం తక్కువ, అభ్యంతరం లేకపోతే కానాగంత ఉడికించి ముళ్లు తీసి ఎవరిచేతనైనా పెట్టించండి. ఉప్పు, కారం, మసాలా ఏవీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి పిల్లి రక్తాన్ని పాడు చేస్తాయి. మిగిలిన కూర కలిపిన అన్నం పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. తిండికన్నా ముందు నీళ్లు. మట్టి మూకుడైతే దొర్లిపోదు.

గిన్నెను కూనల పక్కనే పెట్టవద్దు. ఆ వాసనకు కుక్కలో, గండుపిల్లో వస్తాయి. నాలుగడుగులు దూరంగా, రోజూ ఒకే వేళకు పెట్టండి.

వేపచెట్టు వీధి | అక్టోబరు 17, రాత్రి 11:10

ఎవరైనా మెలకువగా ఉన్నారా? సాయంత్రం నుంచి కుండపోతగా వాన. కొట్టుగదిలోకి నీళ్లు వచ్చాయి. తల్లి మూడింటిని ఎక్కడికో తీసుకుపోయింది. ఒక్కటి మిగిలిపోయింది, నల్లది, అన్నింటికన్నా చిన్నది. పీచు తడిసిపోయింది. కూన మంచులా చల్లగా ఉంది, అరుపు కూడా రావడం లేదు, నోరు మాత్రం తెరుస్తోంది. పాలు పట్టనా?

తిరుపతి వైద్యవిద్యార్థి | రాత్రి 11:13

పట్టవద్దు అక్కా. చల్లబడిన కూనకు పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. ముందు వేడి. పొడి తువ్వాలుతో మెల్లగా తుడవండి. చీర కొంగులో చుట్టి గుండెకు ఆనించుకోండి, మీ ఒంటి వేడే అన్నింటికన్నా మంచిది. ఈలోగా ఎవరినైనా నీళ్లు కాచమనండి. సీసాలో పోసి, మందపాటి గుడ్డ చుట్టి, పెట్టెలో ఒక పక్కన పెట్టండి. రెండో పక్క ఖాళీగా ఉంచండి, వేడెక్కువైతే అది పక్కకు జరగాలి. సీసా నేరుగా ఒంటికి తగలకూడదు. జుట్టు ఆరబెట్టే యంత్రం వాడవద్దు.

అరగంటకోసారి చిటికెన వేలి కొస నోట్లో పెట్టి చూడండి. లోపల వెచ్చగా తగిలి, వేలిని చప్పరించబోతే గండం గడిచినట్టే.

వేపచెట్టు వీధి | రాత్రి 11:58

కొంగులోనే ఉంది. కాలు కదిపింది.

చార్మినార్ గల్లీ | అక్టోబరు 18, రాత్రి 12:06

వేడెక్కాక పెట్టెతో సహా తల్లి చివరిసారి కనిపించిన చోటికి దగ్గరగా, వాన పడని చోట పెట్టండి. వెచ్చబడితే దానికి గొంతు వస్తుంది. ఆ అరుపు విని తల్లి వస్తుంది. మీరు లోపలికి వెళ్లి దీపం ఆర్పేయండి.

వేపచెట్టు వీధి | రాత్రి 1:50

వచ్చింది. కిటికీలో నుంచి చూస్తూనే ఉన్నాను. తడిసి ముద్దయి, సగం పిల్లిలా ఉంది. పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగింది. తల లోపలికి పెట్టి చాలాసేపు నాకింది. తరువాత మెడ పట్టుకుని మేడమెట్ల కిందికి తీసుకుపోయింది. మిగిలిన మూడూ అక్కడే ఉన్నాయి, నీళ్ల మోటారు వెనుక. ఏడుపు ఆగడం లేదు నాకు. మా అత్తగారు కూడా నిద్రపోలేదు.

సంధ్యాదీపం | ఉదయం 5:30

నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ.

వేపచెట్టు వీధి | అక్టోబరు 19, మధ్యాహ్నం 2:15

రెండు విషయాలు. మెట్ల కింద నాలుగు ఇటుకలు పేర్చి, వాటి మీద పళ్ల పెట్టె పెట్టి గోనె పరిచాను. తల్లి కూనలను తనే అందులోకి మార్చుకుంది. అది తినడానికి వచ్చినప్పుడు వంటింటి త్రాసు మీద తూచాను. ఇవాళ ఏడో రోజు అనుకుంటున్నాను. రెండు పసుపు కూనలు 180, 175 గ్రాములు, చారలది 165. నల్లది 98 మాత్రమే.

రెండోది, మేడ మీద వాటావాళ్లకు ఇది ఇష్టం లేదు. గోనెసంచిలో వేసి చేపల రేవు దగ్గర వదిలేయిస్తామన్నారు. వాళ్ల కోడలికి నాలుగో నెల, పిల్లి వల్ల కడుపులో బిడ్డకు ప్రమాదమని భయపడుతున్నారు.

ఓరుగల్లు | మధ్యాహ్నం 3:05

నేను న్యాయవాదిని. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును సరైన కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. రాజ్యాంగంలోని 51ఎ(జి) ప్రకారం జీవుల పట్ల కరుణ మన ప్రాథమిక విధి. కానీ మొదటి రోజే చట్టం పేరెత్తవద్దని నా సలహా. రోజూ మెట్ల మీద ఎదురుపడవలసినవాళ్లు. వాళ్లు అడుగుతున్నది తమ బిడ్డ క్షేమం. ముందు ఆ భయానికి సమాధానం చెప్పండి. ఫలానా వారంలో తల్లికి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తానని, కూనలకు ఇళ్లు చూస్తానని గడువుతో సహా చెప్పండి. గడువు చెప్పిన మాటకు విలువ ఉంటుంది.

తిరుపతి వైద్యవిద్యార్థి | మధ్యాహ్నం 3:40

ఆ భయం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. అది నిజమైన జబ్బే, తేలికగా తీసుకోవద్దు. కానీ పిల్లి పక్కన నడిచినంత మాత్రాన రాదు. జబ్బు సోకిన పిల్లి మలంలో పడిన ఆ జీవి గుడ్లకు అంటుకునే శక్తి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందువల్ల మలం ఏ రోజుకారోజు తీసేస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. ఆ పని గర్భిణి చేయకూడదు, మీరు చేయండి. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, చేతులకు అంటిన తోట మట్టి వల్ల కూడా ఇది వస్తుంది. వాళ్ల డాక్టరమ్మను అడిగితే రక్తపరీక్ష గురించి చెబుతారు.

నల్లదాని బరువు మాత్రం నాకు దిగులుగా ఉంది. పుట్టినప్పుడు సుమారు వంద గ్రాములుండి, రోజుకు పది నుంచి పదిహేను గ్రాములు పెరగాలి. వారానికి ఇంచుమించు రెట్టింపు కావాలి. పొద్దున్నే దగ్గరలోని పశువైద్యుడికి చూపించండి. పిల్లికూనల పాలపొడి దొరికితే తల్లి దగ్గరే ఉంచుతూ అదనంగా పట్టండి. బోర్లా పడుకోబెట్టి పట్టాలి, తల్లి దగ్గర తాగినట్టే. మన బిడ్డలకు పట్టినట్టు వెల్లకిలా పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

వేపచెట్టు వీధి | అక్టోబరు 21, ఉదయం 10:20

నల్లది తెల్లవారుజామున పోయింది. నిన్నంతా రెండు గంటలకోసారి పట్టాను. నాలుగింటికి చూస్తే తల్లి దాన్ని నాకుతూనే ఉంది. నేను తీసుకుంటే అడ్డుపడలేదు. వేపచెట్టు కింద పెట్టాం. వాన రాత్రి నేను ముందే చూసుకుని ఉంటే బతికేదేమో.

చార్మినార్ గల్లీ | ఉదయం 10:45

చెల్లీ, ఈతలో అన్నీ బతకడం అరుదు. కొన్ని పుట్టుకతోనే లోపల ఏదో లోటుతో వస్తాయి, డాక్టరుకు కూడా అంతుపట్టదు. ఆ రాత్రి నీ కొంగులో వెచ్చబడింది, మూడు రోజులు తల్లి దగ్గర ఉంది. మిగిలిన మూడింటి బరువులు రాయి.

వేపచెట్టు వీధి | నవంబరు 13, సాయంత్రం 5:40

చాలా రోజులైంది, క్షమించాలి. మూడూ బాగున్నాయి. పన్నెండో రోజుకల్లా అన్నింటికీ కళ్లు విచ్చాయి, బూడిద నీలం రంగులో. ఇప్పుడు నెల నిండింది. పెట్టెలో నుంచి దొర్లి బయటపడుతున్నాయి. నానబెట్టిన మేత గిన్నెలో ముందు కాళ్లు పెట్టి, తరువాత కాళ్లు నాక్కుంటూ తినడం నేర్చుకున్నాయి. పాత ప్లాస్టిక్ తొట్టిలో ఇసుక పోస్తే ఎవరూ నేర్పకుండానే గొయ్యి తీసి కప్పెడుతున్నాయి.

మేడ మీది కోడలు నిన్న మెట్ల మీద కూర్చుని దూరం నుంచి చూసింది. వాళ్ల డాక్టరమ్మ చెప్పినది మీరు రాసినదీ ఒకటేనట. వాళ్ల మామగారు మాత్రం ఇంకా మాట్లాడటం లేదు. డిసెంబరు రెండో వారానికి ఆపరేషన్ అని చెప్పాను.

పాలవెల్లి | సాయంత్రం 6:10

చాలా సంతోషంగా ఉంది. నేను తొందరపడి రాసిన సలహాకు మొదటి రోజు నుంచీ బాధపడుతున్నాను. ఒక్క మాట అడగాలి. ఆపరేషన్ చేయించడం పాపం కాదా? తల్లి కావడం దాని ధర్మం కదా, మనమెవరం అడ్డుకోవడానికి?

డాలస్ తెలుగమ్మాయి | సాయంత్రం 7:25

పాలవెల్లి గారూ, నేనూ ఇలాగే అనుకునేదాన్ని. ఇక్కడ మా వీధిలో పిల్లులను పట్టి, ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, మళ్లీ అదే చోట వదిలే బృందంతో తిరగడం మొదలుపెట్టాక మనసు మారింది. పిల్లి చూలు తొమ్మిది వారాలే. పాలిస్తూ ఉండగానే మళ్లీ ఎదకు వస్తుంది. ఏడాదికి రెండు మూడు ఈతలు. ఆడకూన నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు. ఒళ్లు కోలుకునే వ్యవధి దొరకదు. నేను పట్టుకున్న ఒక తల్లికి మూడేళ్లు ఉంటాయేమో, పళ్లు ఊడి, వెన్నెముక లెక్కపెట్టేలా ఉంది. అప్పుడు కూడా కడుపుతోనే ఉంది.

ఇక్కడ ఆపరేషన్ అయిన పిల్లికి మత్తులో ఉండగానే ఎడమ చెవి కొస కొద్దిగా కత్తిరిస్తారు. దూరం నుంచి చూసినా తెలుస్తుంది, మళ్లీ పట్టి కోయరు. మీ డాక్టరును కూడా అడగండి.

సంధ్యాదీపం | రాత్రి 8:00

నాకూ పాలవెల్లి అమ్మాయి సందేహమే ఉండేది. కానీ మా వీధిలో ఏటా ఎన్ని కూనలు బండ్ల కింద పడుతున్నాయో చూస్తున్నాను. చేయించమ్మా.

వేపచెట్టు వీధి | డిసెంబరు 9, రాత్రి 9:00

కూనలకు మొన్న ఎనిమిది వారాలు నిండాయి. మొదటి టీకా, నులిపురుగుల మందు అయ్యాయి. మళ్లీ నెలలోపు రెండో టీకా, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా అన్నారు. ఎల్లుండి తల్లికి ఆపరేషన్. బోను అద్దెకు తెచ్చాను. ఎలా ఎక్కించాలి?

చార్మినార్ గల్లీ | రాత్రి 9:18

ఈ రాత్రి నుంచే బోను తలుపు తాడుతో కట్టేసి, తెరిచి ఉంచు. తిండి బోను లోపలే, చివరన పెట్టు. వచ్చి తిని వెళ్లనీ. రేపు రాత్రి తాడు విప్పు, లోపలికి వెళ్లగానే తలుపు పడాలి. ఆ క్షణమే పైన దుప్పటి కప్పేయి, చీకటైతే శాంతిస్తుంది. తరువాత దానికి తిండి పెట్టవద్దు, మత్తులో వాంతి అయితే ప్రమాదం. నీళ్లు పరవాలేదు. కూనలకు మాత్రం వేళకు పెట్టు.

వేపచెట్టు వీధి | డిసెంబరు 11, సాయంత్రం 6:30

ఆపరేషన్ అయింది. క్షేమంగా ఉంది. ఎడమ చెవి కొస కూడా తీశారు. బోను మార్చేటప్పుడు నా ముంజేతి మీద గీరింది, కొంచెం రక్తం వచ్చింది. చిన్నదే.

తిరుపతి వైద్యవిద్యార్థి | సాయంత్రం 6:34

చిన్నదని వదలవద్దు అక్కా. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కట్టు కట్టవద్దు, పసుపూ సున్నమూ పెట్టవద్దు. ఈ రాత్రే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి, రేబిస్ టీకా అక్కడ ఉచితం. రక్తం వచ్చింది కనుక గాయంలో వేసే సీరం గురించి కూడా అడగండి. మొదటి టీకా రోజును సున్నాగా లెక్కించి మూడో రోజు, ఏడో రోజు, అలా వాళ్లు రాసిచ్చిన ప్రకారం ఒక్కటి కూడా మానకుండా వేయించుకోండి. రేబిస్ వచ్చాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

వేపచెట్టు వీధి | సాయంత్రం 7:50

ఆసుపత్రిలో వరుసలో నిలబడి రాస్తున్నాను. అత్తగారు కూడా వచ్చారు.

వేపచెట్టు వీధి | డిసెంబరు 27, ఉదయం 8:10

పసుపు కూనలు రెండూ కలిసే వెళ్లాయి, పిఠాపురంలో మా చెల్లెలి స్నేహితురాలి ఇంటికి. విడదీయకుండా తీసుకుంటామన్నారు. కిటికీలకు వల బిగించుకున్న ఫోటో పంపాకే ఇచ్చాను. ఆరు నెలల లోపు ఆపరేషన్ చేయిస్తామని మాట తీసుకున్నాను.

చారల కూన మా ఇంట్లోనే. అత్తగారు వదలనన్నారు.

తల్లిని ఆపరేషన్ అయిన నాలుగో రోజు మెట్ల దగ్గరే వదిలాను. బోను తెరవగానే గోడ దూకి పోయింది. రెండు రోజులు రాలేదు. ఇక రాదనుకున్నాను. మూడో రోజు సాయంత్రం ఆరింటికి, తిండి వేళకు, గోడ మీద కొస లేని చెవి కనిపించింది. ఇప్పుడు రోజూ వస్తోంది. ముట్టుకోనివ్వదు. తిన్నాక వేపచెట్టు కింద కాసేపు కూర్చుని వెళుతుంది.

మేడ మీది మామగారు ఈ రోజు పొద్దున దాని మట్టి మూకుడు కడిగి నీళ్లు పోస్తూ కనిపించారు.